ఏడేళ్ల పాప క్రికెట్‌లో ప్రతి బంతినీ లెగ్ సైడ్‌కే (కుడివాటం బ్యాటర్ బౌలర్ వైపు చూస్తే ఎడమ పక్క) లాగుతోంది, పైగా పక్కకు తప్పుకుంటోంది. ఎక్కడ సరిచేయాలి?

సెల్లార్_క్యూరేటర్:
పాప వయసు 7, ఎత్తు 121 సెంటీమీటర్లు, కుడిచేతి వాటం. బ్యాట్ సైజు 4, కాశ్మీర్ విల్లో (ఎలాగూ ఎదుగుతుంది కదా అని). బంతి మామూలు టెన్నిస్ బాల్. చోటు అపార్ట్‌మెంట్ సెల్లార్, సిమెంటు నేల. ఇరవై అడుగుల నుంచి నిలబడి భుజం మీంచి విసురుతున్నా. సమస్యలు మూడు: (1) ఎక్కడ పడ్డ బంతినైనా మిడ్ వికెట్ (లెగ్ సైడ్‌లో ముందు మూల) వైపే ఊపుతుంది. (2) బంతి వచ్చేలోపు స్క్వేర్ లెగ్ (లెగ్ సైడ్‌లో సరిగ్గా పక్కకు) వైపు జరిగిపోతుంది. (3) తగిలిన బంతుల్లో సగం గాల్లోకి లేస్తాయి. "స్ట్రెయిట్ బ్యాట్, స్ట్రెయిట్ బ్యాట్" అని ఎంత చెప్పినా లాభం లేదు. అకాడమీలో ఇప్పుడే లెదర్ బాల్ మొదలుపెడదామంటున్నారు. ఏం చేయాలి?

మ్యాటింగ్‌పిచ్:
మీరు చెప్పిన మూడింటిలో పాప తప్పు ఒక్కటీ లేదండీ. బ్యాట్ తప్పు, బంతి తప్పు, మీరు విసిరే తీరు తప్పు. ఈ మూడూ మార్చకుండా పాపను మార్చాలని చూస్తే ఆర్నెల్లయినా అక్కడే ఉంటారు.

ముందు బ్యాట్. కంపెనీల పట్టికల్లో కొద్దిగా తేడా ఉన్నా, నాలుగడుగుల మూడంగుళాల లోపు పిల్లలకు సైజు 1, నాలుగున్నర అడుగుల వరకు సైజు 2, నాలుగు ముప్పావు వరకు 3, ఐదడుగుల దాకా 4. అంటే మీ పాప చేతిలో ఉన్నది తనకంటే ముప్పావు అడుగు పొడుగున్న పిల్లల బ్యాట్. సైజు 4 పొడవు దాదాపు 30 అంగుళాలు, సైజు 1 ఇరవై అయిదు చిల్లర. ఆ నాలుగైదు అంగుళాల వల్ల ఏమవుతుందో చూడండి. బ్యాట్‌ను నిలువుగా కిందికి దించితే అడుగు నేలకు కొట్టుకుంటుంది. అలా కొట్టుకోకుండా ఉండాలంటే పాపకు రెండే దారులు: బ్యాట్‌ను అడ్డంగా తిప్పడం, లేదా తను పక్కకు జరిగి చోటు చేసుకోవడం. మీ సమస్య 1, సమస్య 2 సగం ఇక్కడే పుట్టాయి.

షాపులో రెండు పరీక్షలు చేయండి. బూట్లు వేసుకుని నిటారుగా నిలబడి, బ్యాట్‌ను కాలి పక్కన నేలకు ఆనిస్తే పిడి పైకొస తొడ మొదలు దగ్గరికి రావాలి, నడుము దాటకూడదు. రెండోది బరువు: పై చేయి ఒక్కదానితోనే (కుడివాటం పిల్లలకు ఎడమ చేయి) బ్యాట్‌ను ముందుకు చాచి, భుజం ఎత్తులో పది సెకన్లు పట్టుకోవాలి. అయిదు సెకన్లకే మణికట్టు వంగిపోతే ఆ బ్యాట్ వద్దు. ఒకే సైజులో రెండు మూడు చేతికిచ్చి చూడండి, కాశ్మీర్ విల్లోలో బరువు తేడా బాగా ఉంటుంది. పిడి మీద రెండు గ్రిప్పులు ఎక్కించి ఉంటే ఒకటి తీయించండి, చిన్న వేళ్లు చుట్టూ అందవు.

పాత_ప్యాడ్లు:
బంతి సంగతి నేను చెప్తా. టెన్నిస్ ఆటకు ఆమోదం పొందాలంటే బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లు లేవాలి. అంటే వదిలిన ఎత్తులో సగానికి పైనే. పెద్దవాళ్ల చేతి నుంచి బంతి రెండు మీటర్ల ఎత్తులో వదులుతుంది, పైగా కిందికి కొట్టినట్టు విసురుతారు, పైగా సిమెంటు. లెక్క కట్టండి, 121 సెంటీమీటర్ల పాపకు అది గడ్డం దగ్గరికి వస్తుంది. స్టంప్స్ ఎత్తేమో 71 సెంటీమీటర్లు. గడ్డం దగ్గరికొచ్చే బంతిని నిలువు బ్యాట్‌తో ఎవరు ఆడతారు? పుల్ (ఎత్తుగా వచ్చిన బంతిని బ్యాట్ అడ్డంగా తిప్పి లెగ్ సైడ్‌కు లాగే షాట్) కొడుతోందంటే పాపకు బుర్ర ఉన్నట్టు.

టెన్నిస్ సామాను అమ్మే చోట పిల్లల కోసం ఎర్రమచ్చ బంతులు దొరుకుతాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు చేసినవి. అదే 254 నుంచి వదిలితే 90–105 మాత్రమే లేస్తాయి, బరువూ తక్కువే. అవి దొరక్కపోతే గాలి పోయి మెత్తబడ్డ పాత టెన్నిస్ బంతులు. హార్డ్ టెన్నిస్ బంతి మాత్రం ఈ వయసుకు వద్దు. మామూలు దానికంటే బరువు చాలా ఎక్కువ, ముఖానికి తగిలితే ఆ రోజు నుంచి పక్కకు జరగడం ఇంకా పెరుగుతుంది.

గల్లీ_ఫినిషర్:
మీరంతా ఏడేళ్ల పాపకు రంజీ పాఠాలు చెప్తున్నరు అన్నా. ఇప్పుడు ఆట మారింది. తొమ్మిది పదేళ్ల దాకా గట్టిగ ఊపనియ్యండి. మెల్లగ ముట్టుకునుడు అలవాటైతే బ్యాట్ స్పీడ్ తర్వాత రాదు. అజర్ భాయ్, లక్ష్మణ్ సార్ లెగ్ సైడ్‌కు తిప్పలేదా? మనది మణికట్టు ఆట.

మ్యాటింగ్‌పిచ్:
గట్టిగా కొట్టనివ్వాలన్న మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. "డిఫెన్స్ ఆడు" అని ఏడేళ్లప్పుడు మొదలుపెడితే పిల్లలకు విసుగొస్తుంది, నెల తిరిగేసరికి బ్యాట్ మూలన పడుతుంది. కానీ ఒక్క షరతు: కొట్టాక రెండు సెకన్లు బొమ్మలా కదలకుండా నిలబడగలగాలి. నిలబడితే ఎంత బలంగా ఊపినా పరవాలేదు. తూలి పక్కకు పడుతుంటే తల ముందే పక్కకు పోయిందని అర్థం. "మెల్లగా కొట్టు" అనకండి, "కొట్టాక బొమ్మ" అనండి. బలం ఎంత వాడాలో పిల్లలే తేల్చుకుంటారు.

ఇక అజర్, లక్ష్మణ్ తిప్పింది తల బంతి మీదికి, కాలు దాని పక్కకు చేరాక చివర్లో మణికట్టుతో. భుజం తెరిచి, కళ్లు మూసి లాగింది కాదు. రెండిట్లోనూ బంతి పోయేది మిడ్ వికెట్‌కే గానీ ఆట ఒకటి కాదు.

గల్లీ_ఫినిషర్:
బొమ్మ సంగతి బాగుంది. దానికి ఒప్పుకున్న.

డ్రిల్_టీచరమ్మ:
గ్రిప్ గురించి ఎవరూ రాయలేదు, గాల్లోకి లేవడానికి అసలు కారణం అదే.

బ్యాట్‌ను నేల మీద బోర్లా పెట్టండి, ముఖం కిందికి, పిడి పాప వైపు. గొడ్డలి అందుకున్నట్టు రెండు చేతులతో ఒకేసారి ఎత్తమనండి. అంతే, గ్రిప్ వచ్చేసింది. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య 'వి' ఆకారం వస్తుంది. ఆ రెండూ ఒకే గీత మీద, బ్యాట్ వీపు మధ్యగట్టుకూ బయటి అంచుకూ నడుమ ఉండాలి. కింది చేతి 'వి' పిడి పక్కకో వెనక్కో జారిపోతే అరచేయి బంతి కిందికి వస్తుంది, గరిటెతో తోడినట్టు లేస్తుంది.

పిల్లల్లో కనిపించే తప్పులు రెండు. చేతుల మధ్య ఖాళీ వదిలేయడం ఒకటి. బ్యాట్ బరువైతే కింది చేయి దానంతటదే కిందికి జారుతుంది, కాబట్టి ముందు బరువు చూడండి. రెండోది చేతులు తారుమారు చేయడం. పిడి పై సగానికి ఒక రంగు టేపు చుట్టి, ఎడమ చేతికి అదే రంగు బ్యాండు వేయండి. "రంగు రంగును పట్టుకోవాలి" అంటే ఐదేళ్ల పిల్లలకైనా తెలుస్తుంది. పై చేయి గట్టిగా, కింది చేయి బొటనవేలు, మొదటి రెండు వేళ్లతో వదులుగా. ఈ మాట చెప్పినా పిల్లలు మర్చిపోతారు. అందుకని కొట్టేముందు కింది చేతి చివరి రెండు వేళ్లు ఒకసారి ఆడించమంటే సరిపోతుంది.

నిలబడడానికి సుద్దముక్కతో రెండు పాదాలు గీయండి. క్రీజుకు సమాంతరంగా, మధ్యలో పాప పాదం ఒకటిన్నర రెట్లు ఎడం. మోకాళ్లు కొంచెం వంచి, బరువు మునివేళ్ల వైపు. భుజం మీద వేలితో మెల్లగా నెడితే వెనక్కి తూలిందంటే మడమల మీద నిలబడినట్టే. గడ్డం ఎడమ భుజం మీదికి తిరిగి రెండు కళ్లూ మీకు కనబడాలి. ఒక్క కన్నే కనబడితే మొహం పాయింట్ (లెగ్ సైడ్‌కు ఎదురుగా ఉండే ఆఫ్ సైడ్ పక్క) వైపు ఉందని, ఆ పాప బంతిని ఒంటికంటితో చూస్తోందని.

బ్యాట్ ఎప్పుడు ఎత్తాలన్నది ఇంకా ముఖ్యం. చాలామంది పిల్లలు బంతి నేలకు తగిలాక బ్యాట్ ఎత్తడం మొదలుపెడతారు. అప్పటికే ఆలస్యం, ఇక అడ్డంగా ఊపడం తప్ప దారి లేదు. మీ చేయి కదలగానే "పైకి" అనండి. మీరు బంతి వదిలేసరికి బ్యాట్ పైనే ఉండాలి. బ్యాట్ కొస ఫస్ట్ స్లిప్ (వికెట్ కీపర్ పక్కన ఆఫ్ వైపు నిలబడే ఫీల్డర్) వైపు చూసినా ఏం కాదు, బ్రాడ్‌మన్ బ్యాట్ కూడా అటే లేచేది. దించేటప్పుడు దారిలోకి వస్తే చాలు.

యర్రా_తీరం:
మెల్బోర్న్ నుంచి. ఇక్కడ క్రికెట్ ఆస్ట్రేలియా జూనియర్ పద్ధతిలో పదకొండేళ్ల లోపు వాళ్లకు పిచ్ 16 మీటర్లే, తర్వాతి దశలో 18. పెద్దవాళ్ల 22 గజాలంటే 20.12 మీటర్లు. పిచ్ పొట్టిదైతే బౌలింగ్ వేసే పిల్లలు బంతిని గాల్లోకి ఎత్తి విసరక్కర్లేదు, ఒకే బౌన్స్‌తో ఆడదగ్గ ఎత్తులో వస్తుంది. బ్యాటింగ్ నేర్పడంలో సగం పని అదే. ఇరవై రెండు గజాల పిచ్ మీద ఎనిమిదేళ్ల పిల్లల నెట్స్ చూస్తే వైడ్లు ఏరుకోవడమే సరిపోతుంది, బ్యాటర్‌కు ఓవర్‌కు రెండు బంతులు కూడా అందవు.

థర్డ్‌మ్యాన్_99:
పక్కకు జరగడం గురించి. రెండు రకాలుంటాయి, మందు వేరు. ఫోన్‌లో వెనక నుంచి వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూడండి, ఏ కాలు ముందు కదిలిందో.

వెనక కాలు (కుడి) ముందుగా స్క్వేర్ లెగ్ వైపు పోతే అది భయం. బంతి మెత్తనిది కావాలి, వేగం తగ్గాలి. బంతిని చేత్తో పట్టించండి, ఒంటికి మెల్లగా తగలనివ్వండి, "చూశావా, ఏం కాలేదు" అన్నట్టుగా. కొన్నాళ్లకు పోతుంది. తిడితే పోదు.

ముందు కాలు (ఎడమ) తెరుచుకుని బొటనవేలు మిడ్ ఆన్ (బౌలర్ పక్కన లెగ్ వైపు) వైపు చూస్తే అది భయం కాదు, బలం కోసం చోటు చేసుకోవడం. దీనికి సుద్దతో మిడిల్ స్టంప్ నుంచి ఎదురుగా మీటరున్నర గీత గీసి "కాలు గీత దాటి లెగ్ వైపు దిగితే పరుగుల్లేవు" అని ఆట పెట్టండి.

కాలి వెనక ఇంకో బ్యాటో ఇటుకో అడ్డం పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. చేయకండి. తట్టుకుని వెనక్కి పడతారు, సిమెంటు మీద తల.

సెల్లార్_క్యూరేటర్:
వీడియో తీశా. ముందు కాలే తెరుచుకుంటోంది. భయం అనుకుని ఇన్నాళ్లూ ధైర్యం చెబుతున్నా. సరే, బంతి ఎలా వేయాలి?

మ్యాటింగ్‌పిచ్:
మూడు మెట్లు. వారానికి మూడు రోజులు, రోజుకు 30–40 నిమిషాలు, మొత్తం 60 బంతులు మించొద్దు. ఆరేసి బంతులు వేసి ఒక నిమిషం ఆపండి. వరసగా మరబొమ్మలా వేస్తే పన్నెండో బంతి నుంచి పిల్లలు తల ఎత్తేస్తారు.

మెట్టు 1: ఆగి ఉన్న బంతి. పెరుగు కప్పు బోర్లించి దాని మీద బంతి పెట్టండి. పాప ఒక అడుగు వెనక నిలబడాలి. మాట ఒక్కటే: "ముక్కు బంతి మీదికి". ముక్కు వెళితే భుజం, కాలు వెంట వెళ్తాయి. "కాలు వెయ్యి" అంటే కాలు ఒక్కటే పోయి తల వెనకే ఉండిపోతుంది, బంతి గాల్లోకి లేస్తుంది. పాదం బంతి పక్కన దిగాలి, బంతి మీద కాదు. ముందు మోకాలు వంగాలి, వెనక మడమ లేవాలి. ఆరు మీటర్ల దూరంలో రెండు నీళ్ల సీసాలు రెండు మీటర్ల ఎడంతో పెట్టండి. మధ్యలోంచి నేల మీద పోతే 4, ఆఫ్ సైడ్‌కు 2, లెగ్ సైడ్‌కు 1, గాల్లో పోతే సున్నా. ఆరింటిలో నాలుగు సీసాల మధ్య పోతుంటే ఎడం ఒక అడుగు తగ్గించండి. మీరు నిలబడేది ఆఫ్ సైడ్ పక్కన, బ్యాట్ అందనంత దూరంలో. మిగతా పిల్లలుంటే అయిదు మీటర్లు వెనక. ఊపులో జారిన బ్యాట్ ఎటు పోతుందో చెప్పలేం.

మెట్టు 2: ఆరేడు మీటర్ల నుంచి, ఒక మోకాలి మీద కూర్చుని, చేయి కింది నుంచి విసరండి. కూర్చోవడం ఎందుకంటే బంతి పాప తోటిపిల్లలు వేసే ఎత్తు నుంచి వస్తుంది, బౌన్స్ మోకాలు దాటదు. ఒక్క బౌన్స్, ముందు పాదానికి మీటరు ముందు పడాలి. అదే చోట పడేలా నేల మీద గుర్తు పెట్టుకుని ముందు మీరు సాధన చేయండి. చాలామంది నాన్నల బంతి ఒకటి ఫుల్‌టాస్, ఒకటి నడుము పక్కన, ఇంకొకటి గోడకు. పాప ఏం నేర్చుకుంటుంది?

ఈ మెట్టులో వచ్చే తప్పు తొందర. బంతి కన్ను కిందికి వచ్చేదాకా ఆగకుండా ముందే బ్యాట్ చాచేస్తారు, చాచిన బ్యాట్ ముఖం పైకి చూస్తుంది, క్యాచ్ లేస్తుంది. బంతి నేలకు తగలగానే పాప "టప్" అనాలి, కొట్టినప్పుడు "ఠక్" అనాలి. రెండిటికీ మధ్య చిన్న ఖాళీ వినబడితే టైమింగ్ కుదిరినట్టే.

మెట్టు 3 కలగలుపు. దానికి ముందు పుల్ నేర్పాలి.

గల్లీ_ఫినిషర్:
ఆ, ఇప్పుడు నా లైన్‌కు వచ్చిండ్రు.

మ్యాటింగ్‌పిచ్:
వచ్చాం. లెగ్ సైడ్ కొట్టడం జబ్బు కాదు, అన్ని బంతులకూ ఒకటే షాట్ ఉండటం జబ్బు. పుల్‌ను మాన్పించకండి, దాని చోటు దానికి చూపించండి. ఆరు మీటర్ల నుంచి మెత్తటి బంతి, లెగ్ స్టంప్ లైన్‌లో నడుము ఎత్తులో బౌన్స్ లేకుండా విసరండి. వెనక కాలు వెనక్కీ ఆఫ్ వైపుకీ, ఎడమ కాలు తెరుచుకోవాలి, చేతులు చాచి ఒంటి ముందే కొట్టాలి, బ్యాట్ ఎత్తు నుంచి కిందికి రావాలి. కింది నుంచి పైకి వస్తే క్యాచ్.

తర్వాత మూడు డ్రైవ్ (ముందుకు అడుగేసి నిలువు బ్యాట్‌తో కొట్టే షాట్) బంతులు, మూడు పుల్ బంతులు, చెప్పి వేయండి. రెండు వారాలకు చెప్పకుండా కలిపేయండి. పుల్ కొట్టాల్సిన పొట్టి బంతా, డ్రైవ్ ఆడాల్సిన దగ్గరగా పడ్డ బంతా అని పాపే తేల్చుకోవాలి. అదే బ్యాటింగ్.

వేపచెట్టు_నెట్స్:
ఇన్ని అవసరమా? పాత సాక్సులో బంతి వేసి కొమ్మకు కడితే రోజుకు రెండొందలు కొట్టొచ్చు.

పాత_ప్యాడ్లు:
మంచి సాధనమే, కానీ దేనికి పనికొస్తుందో తెలిసి వాడాలి. తాడు కనీసం రెండు మీటర్లుండాలి, పొట్టి తాడైతే కొట్టగానే బంతి నిట్టనిలువుగా లేచి ముఖం మీదికి వస్తుంది. డ్రైవ్‌కు పిక్క ఎత్తులో, బ్యాక్ ఫుట్ డిఫెన్స్‌కు నడుము ఎత్తులో కట్టండి. దాని గొప్పతనం ఏమిటంటే తప్పును అదే చెప్తుంది: నిలువు బ్యాట్‌తో కొడితే బంతి తిన్నగా పోయి తిన్నగా వస్తుంది, అడ్డంగా కోస్తే గుండ్రంగా తిరుగుతుంది. బ్యాట్‌ను దించే దారి, పై మోచేయి ఎత్తు, ఈ రెండూ దీనితో బాగా కుదురుతాయి. లెంగ్త్ (బంతి ఎంత దూరంలో పడుతుందో) చూసి కాలు కదపడం మాత్రం రాదు, ఎందుకంటే బంతి ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. రోజుకు పది నిమిషాలు. రెండొందలు కొడితే పాప వేపచెట్టు మీద బాగా ఆడుతుంది, పిచ్ మీద కాదు.

కొత్త_నాన్న_విజయనగరం:
మధ్యలో వస్తున్నా. మావాడు ఎడమ చేత్తో అన్నం తింటాడు, రాస్తాడు. ఎడమవాటం బ్యాటింగేనా?

డ్రిల్_టీచరమ్మ:
రాసే చేయి చూసి నిర్ణయించకండి. సచిన్ రాసేది ఎడమ చేత్తో, బ్యాటింగ్ కుడివాటం. గంగూలీ కుడిచేతి మనిషి, ఎడమవాటం బ్యాటర్. రెండు చేతులతో పట్టే పొడుగు కర్ర చీపురు ఇచ్చి నేల ఊడ్వమనండి, నాలుగైదు సార్లు వేర్వేరు రోజుల్లో. ఏ చేయి కింద పెడతాడో అదే వాటం. ఇంకా తడబడుతుంటే రెండు వైపులా ఆడనివ్వండి, కంగారేం లేదు.

సెల్లార్_క్యూరేటర్:
లెదర్ బాల్ సంగతి?

థర్డ్‌మ్యాన్_99:
ఏడేళ్లకు వద్దు. ముందు మెత్తటి బంతి మీద వంద బంతుల్లో తొంభై పక్కకు జరగకుండా ఆడాలి. తర్వాత టెన్నిస్, ఆ తర్వాత లెదర్. సాధారణంగా పదేళ్ల ప్రాంతం. అప్పుడు కూడా పెద్దవాళ్ల బంతి కాదు. పురుషుల బంతి 156–163 గ్రాములు, మహిళలది 140–151, పదమూడేళ్ల లోపు వాళ్లది 133–144, చుట్టుకొలతా తక్కువే. కొనేటప్పుడు అడిగి తీసుకోండి, అడక్కపోతే పెద్దదే అంటగడతారు.

లెదర్ అంటే మీరు చేత్తో మెల్లగా విసిరినా హెల్మెట్, ప్యాడ్లు, గ్లోవ్స్, గార్డ్ అన్నీ ఉండాల్సిందే. హెల్మెట్ కోసం కనుబొమల పైనుంచి తల చుట్టూ టేపుతో కొలవండి. పెట్టాక తల అటూఇటూ ఆడిస్తే అది కదలకూడదు. పైఅంచుకూ జాలీకీ మధ్య సందులోంచి పిల్లల బంతి దూరకూడదు, షాపులోనే బంతి పెట్టి చూడండి. పెద్ద హెల్మెట్‌కు లోపల గుడ్డ కుక్కి ఇవ్వడం, ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను తమ్ముడికి ఇవ్వడం, రెండూ చేయకండి. ప్యాడ్లు మోకాలి గుంట సరిగ్గా మోకాలి మీద ఉండాలి. పెద్దవైతే పరుగు తీయలేరు.

పరుగంటే గుర్తొచ్చింది, మొదటి రోజు నుంచే బ్యాట్‌తో పరిగెత్తించండి. క్రీజుకు ఒక మీటరు ముందే బ్యాట్‌ను నేల మీదికి దించి జార్చుకుంటూ పోవాలి. గీత మీద పొడిస్తే పిడి కడుపులో గుచ్చుకుంటుంది.

సెల్లార్_క్యూరేటర్:
ఈ ఆదివారం సైజు 1 తెస్తా, ఎర్రమచ్చ బంతులు కూడా. చివరిగా ఒకటి: ఉన్న సైజు 4 ను వడ్రంగి దగ్గర కోయించి పొట్టి చేస్తే సరిపోదా? కొత్తదానికి డబ్బు దండగ అంటున్నారు ఇంట్లో.

మ్యాటింగ్‌పిచ్:
పిడి పైన రెండంగుళాలు కోసినా బరువు దాదాపు అంతా అడుగునే మిగులుతుంది. అడుగు కోస్తే బంతి బాగా తగిలే ఉబ్బెత్తు భాగం అంచుకు వచ్చేస్తుంది, కోసిన చోట చెక్క నారలు తెరుచుకుని తేమ పీల్చి ఉబ్బుతాయి. ఎటు కోసినా పిడి లావు తగ్గదు, చిన్న వేళ్లకు అసలు ఇబ్బంది అదే. కోయించకండి. చెక్కకు అవిశె నూనె పల్చగా రాసి, తడి తగలని చోట పడుకోబెట్టి దాచండి. నాలుగు ముప్పావు అడుగులు దాటాక అదే బ్యాట్ సరిపోతుంది.

గల్లీ_ఫినిషర్:
అప్పటిదాంక ఆ సైజు 4 తోని మీరు ఆడుండ్రి అన్నా, సెల్లార్‌ల పాప బౌలింగ్ చేస్తది.